చెరువు మీది కుక్క మా పెరట్లో: ప్రాజెక్టు డైరీ

రోహిణి కార్తె

మొగల్తూరు వైపు ఒక రొయ్యల చెరువు మీద నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్ల కాలిపోయిన మోటార్లు విప్పి తెచ్చుకోవడానికి వెళ్ళాను. పాలకొల్లు దగ్గర నాకు రివైండింగ్ షాపు ఉంది, ఎండాకాలమంతా ఇదే పని. అక్కడ రొయ్యల పట్టుబడి అయిపోయి, నీళ్ళు తోడేసి చెరువు ఎండబెట్టారు. మేత బస్తాలు, మంచం, పొయ్యి అన్నీ ఎత్తేశారు. కాపలా మనిషి వేరే చెరువుకి మారాడు. షెడ్డు స్తంభానికి కట్టిన కుక్క మాత్రం అక్కడే ఉంది.

చెరువు మీద కుక్క ఉండడం మా వైపు మామూలే. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక చెరువులు పెరిగాయి, చెరువుకో కాపలా, కాపలాకో కుక్క. పంట ఉన్నన్నాళ్ళు దానికి తిండికి లోటుండదు. కాపలావాళ్ళ అన్నం, చచ్చిన రొయ్య, చిరిగిన బస్తాలోంచి రాలిన మేత, ఏదో ఒకటి దొరుకుతుంది. పట్టుబడి అయ్యాక దాని సంగతి ఎవరి లెక్కలోనూ ఉండదు.

ఈ కుక్క చుట్టూ నేల మీద గుండ్రంగా బాట పడి ఉంది. గొలుసు ఎంత దూరం అందితే ఆ బాట అంత దూరంలో. గొలుసు చివర మెడకి నైలాన్ తాడు. అది చర్మంలోకి దిగిపోయింది, చుట్టూ ఈగలు. దారిన పోయే ఒకాయన రోజూ ఇంత అన్నం పడేస్తున్నాడట, అందుకే బతికుంది. ఆసామికి ఫోన్ చేశాను.

"ఈ కుక్కనేం చేద్దామనుకుంటున్నారండీ?"

"ఏం చేస్తామండీ బాబూ. మళ్ళీ చెరువులో రొయ్య పిల్ల వేసేదాకా అలా ఉంటది. కావాలంటే మీరే పట్టుకెళ్ళిపోండి."

కురచ గొలుసుతో కట్టేసి ఉంచడం, కట్టేసిన కుక్కని అసలు తిప్పకపోవడం రెండూ నేరమే. జంతు హింస నిరోధక చట్టం, 1960, పదకొండో సెక్షన్‌లో ఉంది. మొదటిసారి తప్పుకి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. ఆ గొలుసే అంతకంటే ఎక్కువ ఖరీదు చేస్తుంది. అందుకని చట్టం ఎత్తలేదు. "కుక్కని ఇచ్చేశాను, ఇక నాకు సంబంధం లేదు" అని ఒక ముక్క రాసి సంతకం పెట్టమన్నాను. ఆయన నవ్వాడు గానీ పెట్టాడు. కుక్క కోలుకుని నిగనిగలాడాక మళ్ళీ కాపలాకి కావాలని వచ్చేవాళ్ళుంటారు. కాగితం ఉండడం మంచిది.

అదే రోజు తీసుకురాలేదు. ఇంట్లో ఇప్పటికే ఉన్నవాళ్ళ సంగతి చూడాలి. గౌరి, ఎనిమిదేళ్ళ ఆడ ఊరకుక్క, వీధి గుమ్మం తన సొంతం అనుకుంటుంది. సున్నుండ, పిల్లి. ఇంకా మా అమ్మ కోళ్ళు, వాటికి పేర్లు లేవు, లెక్క అమ్మ ఒక్కదానికే తెలుసు. "ఉన్నవి చాలవన్నట్టు ఇదొకటా" అంది అమ్మ. మా ఆవిడ మాత్రం రెండు షరతులు పెట్టింది: పాకలోనే ఉంచాలి, డాక్టరు సరే అనేదాకా పాప దాని దగ్గరికి వెళ్ళకూడదు. రెండూ సబబే.

గేదెని అమ్మేశాక పాక ఖాళీగానే ఉంది. ఇటుక నేల, గాలి బాగా ఆడుతుంది. ముందు వైపు వెల్డ్ మెష్ బిగించాను. కుక్క తవ్వుకుని బయటపడకుండా మెష్ అడుగు భాగం ఒక అడుగు లోతు పూడ్చాను. చెరువుల మీద కట్టే పక్షుల వల చవగ్గా దొరుకుతుంది గానీ కుక్క పంటికి అది నిలవదు. మెష్ మీద కొబ్బరాకు తడికలు కట్టేశాను. కొత్త చోట మొదట్లో ఒకరికొకరు కనబడకపోతేనే అందరికీ హాయి. వాసన ఎలాగూ ఆగదు.

నేల కడగడానికి ఫినాయిల్ వాడలేదు. ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ జాతి మందులు పిల్లికి విషం. కడిగిన నేల మీద నడిచి కాళ్ళు నాక్కుంటే చాలు. పైగా కుక్కలకి జబ్బు తెచ్చే పార్వో వైరస్ ఫినాయిల్‌కి లొంగదు, బ్లీచింగ్‌కి లొంగుతుంది. చెరువుల ఊళ్ళో బ్లీచింగ్ పౌడర్‌కి కరువేముంది! నీళ్ళలో కలిపి కడిగి, కాసేపు ఉంచి, మంచినీళ్ళతో మళ్ళీ కడిగి ఆరబెట్టాను.

గౌరికీ సున్నుండకీ టీకాల కార్డులు తీసి చూశాను. రేబీస్ టీకా పిల్లికి కూడా ఉందని మా వీధిలో సగం మందికి తెలీదు.

మృగశిర కార్తె

ట్రాలీ ఆటోలో తెచ్చాం. పశువుల డాక్టరుగారు చెరువు దగ్గరికే వచ్చి మత్తు సూది వేసి తాడు కోశారు. గాయంలో పురుగులున్నాయి. అన్నీ తీసి, కడిగి, మందు కొట్టారు. మత్తు పూర్తిగా ఎక్కకముందు అది తల విదిలిస్తే పన్ను నా ముంజేతికి గీసుకుంది. చిన్న గీత. అయినా అక్కడే బోరు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, నేరుగా సర్కారు ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో రేబీస్ టీకా వేస్తారు. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక ఇక చేసేదేమీ ఉండదు. కాబట్టి "చిన్న గీతే కదా" అనేవాళ్ళ మాట వినక్కర్లేదు. కుక్కని పది రోజులు కనిపెట్టి చూడమన్నారు. పాకలో విడిగా ఉంచుతున్నాం కనుక దానికి వేరే ఏర్పాటేమీ చెయ్యనక్కర్లేకపోయింది.

బరువు 13 కిలోలు. ఆ ఎముకకి 20 దాకా ఉండాలన్నారు. పళ్ళు చూసి మూడేళ్ళుంటాయన్నారు. మగది. చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. జ్వరం 104. కుక్కకి మామూలుగా 101 నుంచి 102.5 దాకా ఉంటుంది. చెవుల్లో, వేళ్ళ సందుల్లో పిడుదులు గుత్తులుగా. రక్తం పరీక్షకి పంపితే ప్లేట్‌లెట్లు బాగా తగ్గాయి. పిడుదు జ్వరం, అంటే ఎర్లీకియా. డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు. ఆ బిళ్ళ పొడిగా వేస్తే గొంతు గొట్టంలో అంటుకుని పుండు పడే ప్రమాదముంది, తిండిలో పెట్టే ఇవ్వాలి. చర్మం గీకి మైక్రోస్కోపులో చూస్తే డెమోడెక్స్ అన్నారు. ఆ గజ్జి పక్కవాళ్ళకి అంటుకోదు. మా ఆవిడ ఈ ఒక్క వాక్యం డాక్టరుగారి చేత రెండుసార్లు చెప్పించుకుంది.

పిడుదులకి ఏం వాడాలన్న దగ్గర పెద్ద చర్చే జరిగింది. పక్కింటి మావయ్య గేదెలకి పూసే పిడుదు మందు సీసా పట్టుకొచ్చాడు. "అరగంటలో అన్నీ రాలిపోతాయిరా అల్లుడూ" అన్నాడు. రాలతాయి, నిజమే. కానీ గేదెల మందుల్లో చాలావరకు డెల్టామెథ్రిన్, సైపర్‌మెథ్రిన్ లాంటివి ఉంటాయి. కుక్క మీద పోసే కొన్ని చుక్కల మందుల్లో పెర్‌మెథ్రిన్ ఉంటుంది. ఈ జాతి మందుల్ని పిల్లి ఒళ్ళు అరిగించుకోలేదు. మందు పూసిన కుక్కని ఆనుకుని పడుకున్నా వణుకు, ఫిట్స్ వచ్చి చచ్చిపోయే ప్రమాదముంది. పిల్లి ఉన్న ఇంట్లో కుక్క మందు కొనేటప్పుడు మొదట చదవాల్సింది పిల్లికి ప్రమాదమా కాదా అనే. డాక్టరుగారు నమిలే బిళ్ళ రాశారు. బ్రావెక్టో, నెక్స్‌గార్డ్ ఆ రకమే. ఒకటి పన్నెండు వారాలు, ఇంకోటి నెల పనిచేస్తుంది. డెమోడెక్స్‌కి కూడా అదే మందు. ఖరీదు ఎక్కువే. మావయ్య సీసాని మర్యాదగా తిప్పి పంపాను.

తిండి దగ్గర అమ్మతో యుద్ధం. బక్కచిక్కిన ప్రాణిని చూస్తే ఆవిడ చెయ్యి ఆగదు. గిన్నెడు అన్నం, మీద చేపల పులుసు. పులుసులో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, రెండూ కుక్క రక్తాన్ని దెబ్బతీస్తాయి. దీనికి ఉన్నదే కాస్త రక్తం. పైగా చాలా కాలం పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా పిండి పదార్థం పోస్తే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి ప్రాణం మీదికే వస్తుంది. డాక్టరుగారు అమ్మని కూర్చోబెట్టి చెప్పారు. బాలింతకి పథ్యం పెట్టరా అమ్మా, ఇదీ అంతేనని. ఆ మాటతో దారికొచ్చింది. ఇప్పుడు ఉప్పూ కారం లేని కోడిమాంసం, గుడ్డు, కాస్త మెత్తటి అన్నం రోజుకి నాలుగుసార్లు, కొద్దికొద్దిగా. పథ్యం తన చేతిలో పని కనుక టైము తప్పనివ్వడం లేదు.

పాప పేరు పెట్టింది: తేగ. ఒంటి రంగు చూసి.

ఆరుద్ర కార్తె

కాలువకి నీళ్ళొచ్చాయి. ఊరంతా నారుమళ్ళ హడావిడి.

తేగ గొలుసు లేకుండానే పాకలో గుండ్రంగా తిరుగుతోంది, అదే కొలత. మనిషి వస్తే మూలకి పోతుంది. ఒకటే వింత. రివైండింగ్ చేసిన మోటారుని షెడ్డులో టెస్టింగ్‌కి వదిలితే తిరగడం మానేసి పడుకుంటుంది. ఏరియేటర్ల మోత మధ్య పెరిగిన కుక్క కదా, మోటారు ఆడుతోందంటే అంతా బాగానే ఉందని దాని లెక్క కాబోలు. టపాకాయకి కూడా బెదరని గౌరికి మాత్రం ఆ మోత అంటే చిరాకు.

గోనెసంచులు మార్చడం మొదలుపెట్టాను. తేగ పడుకున్న సంచి తెచ్చి వీధి అరుగు మీద వేశా, గౌరి సంచి పాకలో వేశా. గౌరి వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. సంచి చుట్టూ తిరిగి, వాసన చూసి, దాని మీద ఉచ్చ పోసి వెళ్ళింది. తేగ గౌరి సంచి మీద తల పెట్టుకుని పడుకుంది. సున్నుండ అటకెక్కింది. తిండికి మాత్రం రాత్రి అందరూ పడుకున్నాక దిగుతోంది.

ఇక్కడే నా పద్ధతి తేల్చుకున్నాను. మోటారు ఎంత లోడు లాగుతోందో మోటారు వంక చూస్తే తెలీదు, మీటరు చూడాలి. ఈ ఇంట్లో మీటరు సున్నుండ. కొత్త కుక్క ఎంత బుద్ధిగా ఉందన్నది నేను రాసుకోవడం లేదు. పిల్లి ఎక్కడ పడుకుంది, గౌరి గిన్నె ఖాళీ చేసిందా లేదా, కోళ్ళు పాక వైపు మేతకి వెళ్ళాయా, ఇవే రాసుకుంటున్నా. ఇల్లు వాటిది. వాటి లెక్క సరిపడితేనే తర్వాతి మెట్టు. కొత్తదాన్ని తెచ్చినవాళ్ళు కొత్తదాన్నే చూస్తూ ఉండిపోతారు. పాతది తిండి మానేసిన సంగతి వారం తర్వాత గమనిస్తారు.

సున్నుండ అటక మీద ఉన్నంతకాలం తడికలు తియ్యలేదు.

పునర్వసు కార్తె

జులై 6 జూనోసిస్ డే, అంటే జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బుల గురించిన రోజు. 1885లో అదే రోజున పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లాడికి రేబీస్ టీకా వేశాడు. పశువుల ఆసుపత్రుల్లో ఆ రోజు కుక్కలకి ఉచితంగా రేబీస్ టీకా వేస్తారు. గౌరికి బూస్టర్ వేయించాను. సున్నుండని గంపలో తీసుకెళ్ళాం, దారంతా తిట్టింది. తేగకి జ్వరం తగ్గాక రేబీస్ టీకా, డిస్టెంపర్, పార్వో, లెప్టోస్పైరోసిస్ కలిపిన టీకా వేశారు. రెండోది కొన్ని వారాలకి మళ్ళీ వేయాలి. డెల్టాలో లెప్టో టీకా వదలకూడదు. ఎలుక ఉచ్చ కలిసిన నీళ్ళలోంచి వచ్చే జబ్బది, వరిచేలల్లో ఎలుకలకి కొదవ లేదు. మనుషులకీ వస్తుంది.

కుక్కల పరిచయం ఇంట్లో చేయలేదు. పెరడు గౌరిది, అక్కడ కలిపితే గొడవే. ఊడుపులయిన చేలో పంటబోదెకి ఆ గట్టున మా ఆవిడ గౌరిని, ఈ గట్టున నేను తేగని పట్టుకుని ఒకే దిక్కుకి నడిచాం. మధ్యలో నీళ్ళు. ఎదురెదురుగా రానివ్వలేదు. కుక్కలకి ఎదురుపడి కళ్ళలో కళ్ళు పెట్టి చూడడమంటే కయ్యానికి పిలుపే. పక్కపక్కన నడిస్తే ఒకే పని మీద పోతున్నట్టుంటుంది. గౌరి మొదట అరిచింది. తర్వాత కప్పల గొడవలో పడి మర్చిపోయింది. తేగ గౌరి వైపు చూసి మళ్ళీ నా వైపు చూసినప్పుడల్లా ఉడికించిన కోడి కార్జం ముక్క. చేలో పనిచేసే ఆడవాళ్ళు నడుం ఎత్తి, "కుక్కల్ని పెళ్ళిచూపులకి తిప్పుతున్నారేంటండీ?" అనడిగారు. మా ఆవిడ, "పెళ్ళికూతురు ఒప్పుకోవాలి కదండీ" అంది.

అలా కొన్నాళ్ళు నడిచాక ఒకే గట్టు మీద ముందు గౌరి, వెనక తేగ. వెనకనుంచి వాసన చూడనిచ్చాం. గౌరి ఆగి, తిరిగి, తనూ చూసింది. పళ్ళు చూపించలేదు. తోక మధ్యస్తంగా ఉంది.

పుష్యమి కార్తె

తడికల్లో ఒకటి తీశాను. ఇప్పుడు పెరట్లో గౌరి తిరిగితే తేగకి మెష్ లోంచి కనబడుతుంది. తిండి మాత్రం ఒకరికొకరు కనబడని చోటే. ఆకలి చూసిన కుక్క గిన్నె దగ్గర కాపలా కాస్తుంది. తేగ కాస్తోంది కూడా. చెయ్యి దగ్గరికెళితే గొంతులో గుర్రుమంటుంది. గిన్నె లాక్కుని పాఠం చెప్పే పద్ధతి నాకు నచ్చదు. అది తింటుండగా పక్కనుంచి పోతూ ఇంకో కార్జం ముక్క గిన్నెలో వేస్తున్నా. ఇప్పుడు నేను వస్తుంటే గుర్రు తగ్గి తల ఎత్తుతోంది. పాపకి మాత్రం కుక్క తినేటప్పుడు పాక దరిదాపులకి రావొద్దని ఖచ్చితమైన నియమం.

సున్నుండ అప్పటికే అటక దిగి బీరువా మీదికి వచ్చింది. పగలే.

ఆశ్లేష కార్తె

ఎగువన వానలు, గోదావరి ఎర్రగా పోటెత్తింది. మా ఊరికి నీళ్ళు రాలేదు గానీ మురుగు కాలువలు ఎగదన్నాయి.

ఈదురుగాలికి కొబ్బరి మట్ట విరిగి మెష్ మీద పడి పైభాగం వంగింది. బెదిరిన పెట్ట ఒకటి ఆ సందులోంచి పాకలోకి ఎగిరి దూకింది. నేను పరిగెత్తేసరికి తేగ నోట్లో తోక ఈకలు, పెట్ట గాబు వెనక. ప్రాణం దక్కింది. ఈకలు మళ్ళీ వస్తాయని అమ్మకి చెప్పా. "ఆ పెట్ట నెల రోజులు గుడ్డు పెట్టదు, ఎవరిస్తారు?" అంది. జవాబు లేదు.

మెష్ మీద పైకప్పు కూడా వేసేశాను. ఆ కొబ్బరిచెట్టు ఎండు మట్టలు దింపు తీసేవాళ్ళని పిలిచి కొట్టించాను. కోళ్ళ పాఠం మొదలుపెట్టాను. మూతికి చిక్కం, నడుముకి బెల్టు, చేతిలో పొడుగు తాడు. మెడ గాయం మానినా మెడకి ఏదీ కట్టకూడదని ముందే అనుకున్నాం. కోళ్ళు దూరంగా మేస్తుంటాయి. తేగ వాటినుంచి తల తిప్పితే ముక్క. కోడిని ముట్టనందుకు కోడి కార్జం బహుమతి. ఇది విని అమ్మ నవ్వాపుకోలేక చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

ఈ పాఠం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మెల్లగా నడిచే కోడిని చూసి ఊరుకుంటుంది. రెక్కలు కొట్టుకుంటూ పరిగెత్తే కోడిని చూస్తే ఒళ్ళంతా బిగుస్తుంది. కాబట్టి ఏర్పాటు మార్చాం. పొద్దున్నించి కోళ్ళు పెరట్లో, తేగ పాకలో. మధ్యాహ్నం అమ్మ కోళ్ళని గంపల కింద మూసేస్తుంది, అప్పుడు తేగ, గౌరి బయటికి. కలిసి ఉండడం అంటే ఒకే చోట ఉండడమే కానక్కర్లేదు. వేళలు పంచుకున్నా చాలు.

మఖ కార్తె

బరువు 18 దాటింది. మెడ చుట్టూ వెంట్రుకలు రాని చార ఒకటి మిగిలింది. చర్మం మీద కొత్త బొచ్చు వచ్చింది. ప్లేట్‌లెట్లు పెరిగాయి, ఇంకోసారి చూసి అప్పుడు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తామన్నారు డాక్టరుగారు. గౌరికి ఎప్పుడో అయింది. తేగకి కూడా అయిపోతే వీధిలో పోట్లాటలు కాస్త తగ్గుతాయని నా ఆశ.

గౌరి, తేగ మధ్యాహ్నం పెరట్లో ఇద్దరూ వదులుగా ఉంటున్నారు. స్నేహం అనను. గౌరి అరుగెక్కితే తేగ ఎక్కడు, గౌరి నీళ్ళు తాగాకే తాగుతాడు. ఆ కట్టుబాటు వాళ్ళే పెట్టుకున్నారు, నేను వేలు పెట్టలేదు. ఒకసారి ఎముక దగ్గర గౌరి గట్టిగా కసిరింది. అతను వెనక్కి తగ్గాడు. అప్పట్నుంచి ఎముకలు బంద్. ఉడికిన ఎముక చీలి పేగులో గుచ్చుకునే ప్రమాదం ఎలాగూ ఉంది.

సున్నుండ ఇప్పుడు కిటికీ గూట్లో పడుకుంటోంది. తేగ కింద నిలబడి చూస్తే ఒళ్ళు ఉబ్బిస్తుంది గానీ లేచిపోవడం లేదు. చెంగున దూకితే మాత్రం తేగ వెంటపడతాడు. అందుకని ఇంట్లోకి తెస్తే తాడు మీదే, పిల్లికి ఎక్కడానికి ఎప్పుడూ ఒక దారి వదిలి.

మిగిలిన పని: ఆపరేషన్, లెప్టో టీకా రెండో డోసు, పెరటి ప్రహరీ. పక్కింటి మావయ్య సంక్రాంతికి పుంజుల్ని మేపుతున్నాడు. జీడిపప్పు, బాదం పెట్టి. వాటిలో ఒక్కో పుంజు ఖరీదు నా షాపులో కొత్త మోటారు కంటే ఎక్కువ. అవి గోడెక్కి కూస్తున్నాయి. మా గోడ నాలుగడుగులే. దాని మీద ఇంకో మూడడుగుల మెష్ లేపాలి, కార్తీకం వెళ్ళేలోపు. పైపులకి కొలతలు తీసుకున్నాను. మెష్ ఖర్చులో సగం తనే ఇస్తానన్నాడు మావయ్య.